గోల్ కొట్టని పిల్ల

ఆ సోమవారం పొద్దున్న చిక్కడపల్లిలో జగన్నాథరావు గారింట్లో కాఫీ వాసన రాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో అలాంటి పొద్దు ఇంకొకటి లేదు. పురిటి నొప్పులు మొదలైన రోజున కూడా సుబ్బులు ముందు అందరికీ డికాక్షన్ దించి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరిన మనిషి. మామగారు పోయిన రోజున ఇంట్లో పొయ్యి వెలిగించకూడదన్నారని పక్కింటివాళ్ళ స్టవ్ మీద పాలు కాచి, పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ అందించిన మనిషి. అలాంటిది ఆ రోజు జగన్నాథరావు పేపరు రెండుసార్లు చదివేసి, చావు ప్రకటనలు కూడా పూర్తిచేసి, ఇంక ఉండబట్టలేక వంటింట్లోకి తొంగి చూశాడు. స్టవ్ ఖాళీగా ఉంది. ఇత్తడి ఫిల్టరు అటకెక్కింది. సుబ్బులు పీట మీద కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"ఏమైందే? ఒంట్లో బాగాలేదా?"

"నా ఒంటికేం... మీకు కలిపిస్తాను, అత్తయ్యగారికి కలిపిస్తాను. నాకు మాత్రం ఇంక కాఫీ లేదండీ. కీర్తన గోల్ కొట్టేదాకా చుక్క ముట్టనని స్వామికి మొక్కుకున్నాను."

జగన్నాథరావు గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. విద్యుత్ శాఖలో ముప్ఫై ఆరేళ్ళు పనిచేసి, ఎన్నో సబ్ స్టేషన్లు తగలబడటం చూసిన మనిషికి కూడా ఆ మాట షాక్ కొట్టింది.

కీర్తన వాళ్ళకి ఒక్కతే కూతురు. ఇరవై మూడేళ్ళది. పిల్లలందరూ వేసవి సెలవుల్లో సంగీతమో, చిత్రలేఖనమో నేర్చుకుంటుంటే, ఇది నారాయణగూడలో శిబిరానికని వెళ్ళి ఫుట్‌బాల్ నేర్చుకొచ్చింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి, జడ కత్తిరించుకుంది, ఇంట్లో మూడు పూలకుండీలు పగిలాయి. అయితేనేం, రాష్ట్రానికి ఆడింది, దేశంలో పెద్ద క్లబ్బులకి ఆడింది, రెండేళ్ళ క్రితం క్రొయేషియా అనే దేశంలో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరివాళ్ళు జీతమిచ్చి పిలిచారు. ఆ ఊరి ఆడపిల్లల జట్టులో మిడ్‌ఫీల్డర్. అంటే మైదానం నడిమధ్య ఆడేదన్నమాట. అంతవరకు ఇంట్లో అందరికీ తెలుసు. ఆ నడిమధ్యన నిలబడి ఏం చేస్తుందన్నది మాత్రం ఎవరూ అడగలేదు. బ్యాటు పట్టినవాడు పరుగులు తీయాలి, ఉద్యోగం చేసేవాడు జీతం తేవాలి, ఫుట్‌బాల్ ఆడే పిల్ల గోల్ కొట్టాలి... ఇందులో అడగడానికేముంది అనుకున్నారు. మనమైనా అలాగే అనుకుంటాం కదా!

మొక్కుకి కారణం ముందురోజు నారాయణగూడలో ఆడపడుచు ఉదయశ్రీ ఇంట్లో జరిగిన సత్యనారాయణ వ్రతం. ప్రసాదాలు పంచే వేళకి ముప్ఫై మంది ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. ఉదయశ్రీ చెడ్డ మనిషి కాదు గాని, నోటికి గడియ లేదు. "మా మేనకోడలు ఫారిన్‌లో ఫుట్‌బాల్ ఆడుతుందండీ" అని అందరికీ గొప్పగా చెప్పి, అదే ఊపులో, "ఇంతకీ వదినా, మన కీర్తన ఎన్ని గోల్స్ కొట్టింది?" అని అడిగేసింది.

సుబ్బులు చేతిలో ప్రసాదం చేతిలోనే ఉండిపోయింది. "ఇంకా... కొట్టలేదు."

"రెండేళ్ళలో ఒక్కటీ లేదా?"

"లేదు."

మూలన కూర్చున్న ఒక పెద్దావిడ జాలిగా అడిగింది. "పాపం, మరి జీతం ఇస్తున్నారా?"

"ఇస్తున్నారండీ."

"మంచివాళ్ళే."

ఆ 'మంచివాళ్ళే' అన్న మాట సుబ్బులు గుండెల్లో ముల్లులా దిగబడింది. నా బిడ్డ పరాయి దేశంలో ఊరికే కూర్చుని జీతం తింటోందా... ఇంటికి వస్తూ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర ఆటో ఆపించి, చెప్పులు ఆటోలోనే వదిలేసి లోపలికి వెళ్ళింది. స్వామికి ఏం వదులుకోవాలి? వంకాయ వదులుకుంటే ఆయన నవ్వుతాడు. ప్రాణంతో సమానమైనది వదులుకోవాలి. అలా కాఫీ పోయింది.

ఇక ఆ ఇంటి కష్టాలు ఏమని చెప్పేది! మూడో రోజుకి సుబ్బులుకి తలనొప్పి పట్టుకుంది. వారం తిరిగేసరికి పప్పులో ఉప్పు రెండుసార్లు పడటం, చారులో అసలు పడకపోవడం మొదలైంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మొగుడికీ అత్తగారికీ ఇన్‌స్టంట్ పొడితో కాఫీ కలిపి ఇచ్చేది. ఎనభై నాలుగేళ్ళ అత్తగారు తిమ్మమ్మ కోడలికి వీపు చూపించి, గోడవైపు తిరిగి, దొంగలా తాగేది. జగన్నాథరావుకి మనసు ఒప్పక, ఇంట్లో తానూ మానేశానని ప్రకటించి, నడకకని బయల్దేరి అశోక్ నగర్ టీ కొట్ల దగ్గర కాఫీ తాగుతూ తేలేవాడు. పోటీ పరీక్షలకి చదివే కుర్రాళ్ళ మధ్య రోజూ ఒక నెరిసిన తల కనబడేసరికి, "సార్, మీరు పాలిటీ చెప్తరా, ఎకానమీ చెప్తరా?" అని అడిగారట. లేదనడానికి మొహమాటపడి, "కరెంట్" అన్నాడట. "కరెంట్ అఫైర్స్ సార్ ఈయన" అని వాళ్ళు ఇంకో కప్పు ఇప్పించారు. లవంగం నములుతూ ఇంటికొచ్చేవాడు.

నెల గడిచింది, రెండో నెల వచ్చింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి టీవీలో క్లబ్బువాళ్ళ ప్రసారం పెట్టేవారు. మేడ మీద గదిలో కిరాయికి ఉండే అంబిక కూడా దిగి వచ్చేది. పాలమూరు పిల్ల. గ్రూప్స్‌కి చదువుతూ పొద్దంతా సెంట్రల్ లైబ్రరీలో ఉంటుంది. గురుకులంలో చదివేటప్పుడు ఫుట్‌బాల్ ఆడింది కాబట్టి ఆట దానికి తెలుసు. తిమ్మమ్మకి ఆట తెలియకపోయినా మనుషులు తెలుసు. పొడుగు పిల్ల, రెండు జడల పిల్ల, ఏడుపుగొట్టు పిల్ల అని అందరికీ పేర్లు పెట్టుకుంది. సుబ్బులు దేవుడి గదిలో కూర్చుని జపం చేసుకుంటూ, ఆట అయ్యాక బయటికి వచ్చి ఒక్కటే అడిగేది. "కొట్టిందా?" లేదనగానే లోపలికి వెళ్ళిపోయేది.

కోడలి పస్తు చూడలేక తిమ్మమ్మే ఒకరోజు ఫోన్‌లో మనవరాలికి సంగతి చెప్పేసింది. "కీర్తీ, తొందరగా ఒక గోల్ కొట్టేయవే తల్లీ. మీ అమ్మ నీ కోసం కాఫీ మానేసి రెండు నెలలైంది. చిక్కి సగమైంది."

కీర్తన అంతా వింది. తర్వాత "సరే నానమ్మా" అని పెట్టేసింది. తిమ్మమ్మ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పుణ్యం చేశాననుకుంది, పాపం.

ఆ తర్వాత నాలుగు ఆటల్లో జట్టు మూడు ఓడిపోయింది. ఐదో ఆటకి కీర్తన కనబడలేదు. మర్నాడు ఫోన్ వచ్చింది.

"అమ్మా... నన్ను బెంచి మీద కూర్చోబెట్టారమ్మా" అంది కీర్తన. గొంతు బొంగురుపోయి ఉంది. "ఈ నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది. ఇలా ఆడితే మళ్ళీ ఇవ్వనని కోచ్ చెప్పేసింది. ఇంక ఒక్క ఆటే ఉంది."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే ఇంటికొచ్చేయడమే."

సుబ్బులు "అయ్యో తల్లీ" అంది. అన్నది నోరు. మనసు మాత్రం... మనలో మన మాట, మనసు ఎగిరి గంతేసింది. రెండేళ్ళుగా పిల్ల మంచం ఖాళీగా ఉంది. వండినదాంట్లో దాని వాటా మిగిలిపోతోంది. వచ్చేస్తుందన్నమాట! మర్నాడు పొద్దున్నే కీర్తన పరుపు డాబా మీదికి మోసుకెళ్ళి ఎండేసింది. అంబిక పుస్తకాల సంచీతో దిగుతూ చూసింది.

"పరుపు ఎండేసిన్రు, ఎవరన్న వస్తున్నరా ఆంటీ?"

సుబ్బులు పరుపు ఇంకా గట్టిగా దులిపింది. అబద్ధం చెబుదామంటే నోరు రాలేదు, నిజం చెబుదామంటే సిగ్గేసింది. బిడ్డ ఏడుస్తుంటే నేను పరుపు దులుపుతున్నానా అనుకుని అక్కడే పిట్టగోడ మీద కూలబడిపోయింది. చివరికి సంగతంతా చెప్పింది.

అంబిక సంచీ కింద పెట్టింది. "నాకు నెలరోజుల సంది ఒకటే అనుమానం ఆంటీ. ఈమె జాగ ఇడిచిపెట్టి ఉరుకుతున్నది. మునుపు కొట్టినా కదిలేది కాదు. ఎందుకట్ల చేస్తున్నదో సమజైతలేదు. మీరు కిందికి రాండ్రి, ఒకటి చూపిస్త."

టీవీకి కంప్యూటర్ తగిలించి, పోయిన దసరా నాటి ఆట పెట్టింది. జగన్నాథరావు, తిమ్మమ్మ కూడా వచ్చి కూర్చున్నారు.

"ఇగో, బాల్ దిక్కు చూడకుండ్రి. ఒక్క కీర్తననే చూడుండ్రి. బాల్ ఇంకా రానేలేదు, రెండు దిక్కుల ఎనుకకు మర్లి చూసింది, చూసిన్రా? మల్లొకసారి చూసింది. ఎవరు ఏడున్నరో మనసుల పెట్టుకుంటది. ఇగ బాల్ వచ్చింది. ఒక్క తాపు, జడల పిల్లకు ఇచ్చేసింది. జడలామె పొడుగామెకు ఇచ్చింది. గోల్ అయింది. పేరు పొడుగామెకు. గని దర్వాజ తెర్చింది ఎవరు?"

"మన పిల్లేనా?" అన్నాడు జగన్నాథరావు.

"మరి ఇంకెవరంకుల్? గోల్ కొట్టుడు ఈమె పనే కాదు. అవతలోళ్ళు ఉరికొస్తే అడ్డం నిలవడాలె, బాల్ గుంజుకోవాలె, మనోళ్ళకు అందియ్యాలె. ఈమె జాగ ఇడిస్తే ఇంటికి తలుపు లేనట్టే. ఇగో, పోయిన నెల ఆట." అంబిక ఇంకొకటి పెట్టింది. కీర్తన పిచ్చిదానిలా ముందుకు పరిగెడుతోంది, దూరం నుంచి బంతిని తంతోంది, అది ఎక్కడో పడుతోంది. వెనక అవతలి జట్టు పిల్లలు ఖాళీ రోడ్డు మీద ఆటోల్లా దూసుకొస్తున్నారు. "చూసిన్రా? గోల్ కోసం పరేషానైంది. ఈమెకు గంత గోల్ పిచ్చి ఎవరు పెట్టిన్రు?"

తిమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "నేనే చెప్పానే... కోడలు కాఫీ మానేసిందని నేనే చెప్పాను."

సుబ్బులు తల నేలకి వంచేసింది. "ఇన్నాళ్ళు నాకెందుకు చెప్పలేదమ్మా, దాని పని గోల్ కొట్టడం కాదని?"

"మీరెప్పుడు అడిగిన్రు ఆంటీ? కొట్టిందా అంటరు, లేదంటే లోపలికి పోతరు."

సుబ్బులు దసరా నాటి ఆట మళ్ళీ పెట్టమంది. ఈసారి జపమాల పక్కన పెట్టి చూసింది. బంతి రాకముందే భుజాల మీదుగా వెనక్కి చూసే ఆ చూపు... ఆ చూపు సుబ్బులుకి బాగా తెలుసు. పాలు పొంగుతున్నాయా, కుక్కరు ఎన్నో కూత కూసింది, అత్తగారు మాత్ర వేసుకున్నారా, గుమ్మంలో కూరలమ్మి వెళ్ళిపోతోందా అని, గరిటె తిప్పుతూ తిప్పుతూ ఇంటి నాలుగు మూలలా తిరిగే చూపు. ఎవరికి ఏం కావాలో వాళ్ళు అడక్కముందే చేతికందించే మనిషి చూపు. అలా అందించినవాళ్ళ పేరు ఏ ఇంట్లోనూ ఎవరూ చెప్పుకోరు.

"ఎక్కడ నేర్చుకుందే ఇది?" అంది సుబ్బులు, ఎవరినీ ఉద్దేశించకుండా.

"నీ వెనకే తిరిగింది కదే ఇరవై ఏళ్ళు" అంది తిమ్మమ్మ.

అప్పుడు అసలు చిక్కు మొదలైంది. మొక్కు మార్చుకోవచ్చా అని సుబ్బులు అత్తగారిని అడిగింది. తిమ్మమ్మకి కోడలంటే ప్రాణమే గాని మొక్కుల దగ్గర మాత్రం హైకోర్టు. "మొక్కు మొక్కే. తీరాలి, లేకపోతే నిలబెట్టుకోవాలి. మా అత్తగారు కాశీలో అరటిపండు వదిలేసి, పాతికేళ్ళ తర్వాత పంచామృతంలో ఒక ముక్క పొరపాటున నోట్లోకొస్తే, మూడు రోజులు పస్తు పడుకుంది."

మూడు రోజులు సుబ్బులు మనసులో లెక్కలు వేసుకుంది. నిజానికి తానేమీ చేయక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. మొక్కు మొక్కులా నిలబడుతుంది, పిల్ల ఇంటికొస్తుంది, పరుపు ఎండి సిద్ధంగా ఉంది. స్వామి దగ్గర తప్పు లేదు, లోకం దగ్గర మాట లేదు. అంతకన్నా ఏ తల్లికి ఏం కావాలి? మొక్కు తప్పితే మాత్రం పాపం నెత్తిన పడుతుంది, పిల్లేమో అక్కడే ఉండిపోతుంది. పుణ్యమూ పోయి పిల్లా దూరమయ్యే బేరం ఎవరు చేస్తారమ్మా?

శనివారం మధ్యాహ్నం సుబ్బులు స్టూలెక్కి అటక మీంచి ఫిల్టరు దించింది. చింతపండుతో తోమింది. తానే నారాయణగూడ వెళ్ళి గింజలు ఆడించి పొడి తెచ్చింది. డికాక్షన్ దిగుతుంటే ఆ వాసనకి జగన్నాథరావు నిద్రలోంచి లేచి వచ్చాడు. అత్తగారిని కూర్చోబెట్టి, అంబికని పిలిచి, కీర్తనకి వీడియో కాల్ చేయించింది.

కీర్తన మొహం తెర మీద కనబడింది. కళ్ళ కింద నల్లగా ఉంది. తల్లి చేతిలో గ్లాసు చూసి కంగారుపడింది. "అమ్మా, ఏం చేస్తున్నావు? వద్దమ్మా. రేపు ఒక్క ఆట ఉంది కదా, నన్ను దింపితే నేను ఎలాగోలా..."

"ఎలాగోలా ఏమీ వద్దు. నోరు మూసుకుని చూడు."

"అమ్మా, మొక్కు..."

"మొక్కింది నేను. తప్పేదీ నేనే. స్వామి అడిగితే నేను చెప్పుకుంటాను, ఆయనా పిల్లలున్నవాడే. నువ్వు మాత్రం రేపు నీ జాగా వదిలి అడుగు ముందుకేశావంటే... అక్కడికొచ్చి తంతాను."

గ్లాసు నోటికి పెట్టుకుంది. పాపం చేస్తున్నాను కాబట్టి రుచి చూడకూడదు, మందులా మింగేయాలి అని ముందే గట్టిగా అనుకుంది. కానీ మూడు నెలల తర్వాత ఆ మొదటి గుక్క గొంతులో దిగేసరికి కళ్ళ వెంట ధారగా నీళ్ళు వచ్చేశాయి. అవి పాపభయానికి వచ్చాయో, కాఫీకి వచ్చాయో ఆవిడకే తెలియదు.

"బాగుందా?" అన్నాడు జగన్నాథరావు మెల్లగా.

"పాపం చేసేటప్పుడు బాగోగులు అడుగుతారేంటండీ" అంది సుబ్బులు, అడుగుదాకా తాగేసి, గ్లాసు వంచి చూసుకుని.

అటు కీర్తన రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తోంది. ఏడుస్తూనే నవ్వుతోంది. తిమ్మమ్మ కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పింది. "నూట ఎనిమిది ప్రదక్షిణలు చెయ్యాలి. సగం కోడలు, సగం నా కొడుకు."

"నేనెందుకమ్మా?"

"అశోక్ నగర్‌లో తాగినవాటికి."

జగన్నాథరావు లవంగం కోసం జేబు తడుముకున్నాడు.

ఆదివారం ఉదయశ్రీ కూడా వచ్చింది. అన్నగారు ఫోన్‌లో సంగతంతా చెప్పి నాలుగు పెట్టాడట. వచ్చి, వదిన పక్కన చాప మీద ఒదిగి కూర్చుంది. "వదినా, ఆ రోజు నేను..." అంది.

"తెలియక అడిగావులే. తల్లిని, నాకే తెలియదు" అంది సుబ్బులు.

మొదటి సగం కీర్తన బెంచి మీదే ఉంది. రెండో సగంలో ఒక పిల్ల కాలు పట్టుకుని కూలబడింది. కోచ్ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. కీర్తన లేచింది.

"దింపిన్రు, దింపిన్రు" అని అంబిక మోకాళ్ళ మీద లేచింది.

"ఎక్కడ? ఏదీ?" అంది ఉదయశ్రీ.

"మధ్యలో. వెనక్కి చూస్తోందే, అదీ" అంది సుబ్బులు. ఆవిడ బంతిని చూడటం లేదు. పిల్ల చూసినప్పుడల్లా తానూ ఇటు తల తిప్పి, అటు తల తిప్పి చూస్తోంది. అవతలి జట్టు మూడుసార్లు దూసుకొచ్చింది, మూడుసార్లూ కీర్తన కాలు అడ్డుపడింది. ఇంక పది నిమిషాలు ఉందనగా బంతి కీర్తన దగ్గరికి వచ్చింది. ఎదురుగా ఖాళీ ఉంది. పరిగెత్తితే పరిగెత్తొచ్చు. కీర్తన పరిగెత్తలేదు. ఒక్క తాపు. జడల పిల్ల, అక్కణ్నుంచి పొడుగు పిల్ల, గోల్!

అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. కెమెరా పొడుగు పిల్ల వెంట పరిగెత్తింది. తిమ్మమ్మ చప్పట్లు కొడుతోంది. ఉదయశ్రీ మాత్రం తెరంతా వెతికింది.

"కీర్తన ఏది వదినా? కనబడదేం?"

"దాని జాగాలో అది ఉంది."

"తెర మీద లేదుగా."

"లేకపోతేనేం, ఉంది" అంది సుబ్బులు.

మంగళవారం కీర్తన ఫోన్ చేసింది. రెండేళ్ళకి కాంట్రాక్టు ఇచ్చారు, కాగితాలు నా ముందర పెట్టారు, సాయంత్రంలోగా చెప్పాలి. "నాన్న సరేనన్నారు. నువ్వు వద్దంటే వచ్చేస్తానమ్మా, నిజంగా. పెట్టనా సంతకం?"

రెండేళ్ళు... రెండు ఉగాదులు, రెండు దసరాలు, ఏడు వందల పైచిలుకు రాత్రి భోజనాలు. జగన్నాథరావు పేపరు వెనక మొహం దాచుకున్నాడు. తిమ్మమ్మ కోడలి వంక చూస్తోంది. నోరు తెరిచి వద్దు అంటే చాలు. సుబ్బులు ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది.

"పెట్టు తల్లీ" అంది.

అటు కేరింతలు వినిపించాయి. పక్కన ఎవరో పిల్లలు వాళ్ళ భాషలో అరుస్తున్నారు. ఆ సందడంతా అయిపోయేదాకా సుబ్బులు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, తర్వాత జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. జగన్నాథరావు ఓదారుద్దామని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏమండీ, పాస్‌పోర్టుకి ఎక్కడికెళ్ళాలి?" అంది సుబ్బులు.

"పాస్‌పోర్టా? ఎవరికి?"

"నాకే."

"సుబ్బులూ, నువ్వు మెట్రో ఎక్కితేనే కళ్ళు మూసుకుంటావు."

"విమానంలోనూ మూసుకుంటాను, ఎవరొద్దన్నారు?" అని సుబ్బులు లేచి, చెప్పుల కోసం వెతుక్కుంది. "ఈ టీవీవాళ్ళు బంతి వెనకే పరిగెడతారండీ. బంతిని వాళ్ళు చూసుకుంటారు. నేను వెళ్ళి పిల్లని చూసుకోవాలి."